దాచిన మాట, దాచించిన లోకము

సత్యము పలుకుట ధర్మములలో మొదటిదని మనమందఱమును బాల్యముననే నేర్చుకొందుము. ఈ మాటను కాదనువాడు లేడు. కాని సత్యము పలికినవారిని లోకమేమి చేయుచున్నదను ప్రశ్నను ఆ పాఠముతోపాటు మనకెవరును నేర్పరు. ఒక కుటుంబమున ఒక రహస్యమున్నదనుకొందము. అది వెల్లడియైనచో దిక్కులేని యొక స్త్రీయు, ఆమె శిశువును వీథిపాలగుదురు. వెల్లడికాకున్నచో ఆ ఇంటివారందఱును దినదినమును అసత్యముతో కాపురము చేయవలయును. అట్టి రహస్యమును దయచేతనే కాపాడిన గృహస్థుడు పుణ్యాత్ముడా, అనృతవాదియా? అతనిని దూషించుటకు మనకు అధికారము కలదా? ఈ వ్యాసమున విచారింపదలచినది ఈ ప్రశ్ననే.

ఈ విచారణకు ఇంగ్లండు నవలలను ఏల ఎన్నుకొనవలయునని కొందఱు అడుగవచ్చును. మనలో చాలమంది ఆ నవలలను ప్రేమకథలుగా చదువుదురు. కథ ముగియగానే పుస్తకము మూయుదురు. కాని పందొమ్మిదవ శతాబ్దపు బ్రిటిషు నవలాకారులకు ప్రేమ ద్వారము మాత్రమే. ఆ ద్వారముగుండ వారు మనలను గృహములోనికి గొనిపోయి, అచ్చట తాళము వేసిన గదిని చూపుదురు. ఆ గదికి తాళము ఎవరు వేసిరి, ఎవరికి వెఱచి వేసిరి అనునదే వారి అసలు ప్రశ్న.

ఆ కాలమున ఆ దేశము తలక్రిందులగుచుండెను. నూలుమిల్లులును, ఇనుపదారులును పల్లెలను ఖాళీచేసి పట్టణములను నింపెను. 1851వ సంవత్సరపు జనాభా లెక్కలనాటికి ఇంగ్లండు, వేల్సు దేశములలో సగమునకు మించిన జనులు పట్టణవాసులైరి. పల్లెలో ఒకరి పుట్టుపూర్వోత్తరములు అందఱెఱుగుదురు. అచ్చట రహస్యము నిలువదు. పట్టణమునకు వచ్చినవాడు క్రొత్తపేరు పెట్టుకొని క్రొత్తజీవితము మొదలుపెట్టవచ్చును. ఒకవైపు దాచుటకు వీలు పెరిగెను. మఱియొకవైపు దాచవలసిన అవసరమును పెరిగెను. వర్తకముచేతను యంత్రములచేతను క్రొత్తగా ధనవంతులైన మధ్యతరగతివారికి వంశగౌరవము లేదు. పరువొక్కటే వారి పెట్టుబడి. ఆ పరువునకు మచ్చ వచ్చునేమోయను భయము ప్రతి గృహమునందును కావలికుక్కవలె కూర్చుండెను.

చట్టమును ఈ భయమునకే తోడ్పడెను. 1834లో చేయబడిన పేదల చట్టము, వివాహము లేక పుట్టిన బిడ్డ పోషణభారమును ప్రధానముగ తల్లిమీదనే మోపి, తండ్రినుండి సొమ్ము రాబట్టుటను మిక్కిలి కష్టముచేసెను. 1844లోగాని తల్లి తానే న్యాయస్థానమున తండ్రిపై ఫిర్యాదు చేయుటకు మార్గము ఏర్పడలేదు. 1857వ సంవత్సరపు విడాకుల చట్టము ప్రకారము భర్త భార్య వ్యభిచారమొక్కటే చూపి విడాకులు పొందవచ్చును. భార్యయో, వ్యభిచారముతోపాటు క్రౌర్యమో పరిత్యాగమో మఱియొక దోషమునుగూడ నిరూపింపవలయును. ఈ తారతమ్యము 1923 వఱకు నిలిచెను. ఒకే తప్పునకు ఇద్దఱు బాధ్యులై, శిక్ష ఒకరికే పడు దేశమున రహస్యములు ఏ గృహమున పుట్టునో, ఎవరి తలపై కూర్చుండునో ఊహించుట కష్టముకాదు.

ఇక కథలలోనికి పోవుదము. 1853లో ఎలిజబెత్ గాస్కెల్ అను రచయిత్రి 'రూత్' అను నవలను ప్రకటించెను. ఈమె మాంచెస్టరు పట్టణమున ఒక మతబోధకుని భార్య. మిల్లు కూలీల కష్టములను కన్నులార చూచినది. 1850లో, చెఱసాలలో నున్న పదునాఱేండ్ల అనాథ బాలిక విషయమై ఈమె చార్లెస్ డికెన్సునకు ఉత్తరము వ్రాసి సాయము కోరెను. ఆ బాలిక కుట్టుపని నేర్చుకొనుచుండగా ఒకనిచే మోసగింపబడినది. ఆమెను ఓడయెక్కించి దూరదేశమునకు పంపి క్రొత్తబ్రదుకు కల్పింపవలయునని గాస్కెల్ తలంపు. రూత్ కథకు ఈ బాలిక జాడ కొంత కలదని విమర్శకులు చెప్పుదురు.

నవలలోని రూత్ తల్లిదండ్రులు లేనిది. కుట్టుపని దుకాణమున పనినేర్చుకొనుచున్నది. బెల్లింగ్‌హామ్ అను ధనికయువకుడు ఆమెను ప్రేమించినట్లు నటించెను. అతనితో నడచుచుండగా యజమానురాలు చూచి, ఒక్కమాట విచారింపక పనిలోనుండి తొలగించెను. పోవ చోటు లేని బాలిక అతని వెంట పోయెను. కొంతకాలమునకు అతడు జబ్బుపడగా, అతని తల్లి వచ్చి కుమారుని తోడ్కొనిపోయి, రూత్‌నకు ఏబది పౌనుల నోటు విడిచిపోయెను. ప్రాణత్యాగమునకు సిద్ధపడిన ఆమెను థర్‌స్టన్ బెన్సన్ అను అంగవికలుడైన బోధకుడు కాపాడి, గర్భవతియని తెలిసియు తన యింటికి తీసికొనివచ్చెను.

ఇచ్చటనే చిక్కు వచ్చినది. ఊరివారికేమి చెప్పవలయును? బోధకుని సోదరి ఫెయిత్ ఒక ఉపాయము చెప్పినది: ఈమె మన దూరబంధువు, భర్తను పోగొట్టుకొన్న వితంతువు, పేరు డెన్‌బీ అందము. బెన్సన్ జన్మలో అబద్ధమాడి యెఱుగడు. అయినను, పుట్టబోవు శిశువును తలచుకొని అతడు లొంగిపోయెను. నిజముచెప్పినచో ఆ బిడ్డను పుట్టినది మొదలు లోకము వ్రేలుపెట్టి చూపునని అతని భయము. ఇంటి ముసలి పరిచారిక శాలీ, వితంతువనిన నమ్మునట్లుండవలయునని రూత్ కేశపాశమును కత్తిరించి, వితంతువులు ధరించు టోపీ తొడిగినది. అసత్యము ఒక మాటతో ఆగదు; దానికి వేషము కావలయును, పేరు కావలయును, పరిచారిక సాయముగూడ కావలయును.

మన గ్రంథములు ఈ సందర్భమున ఏమి చెప్పును? బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు చేసిన ఉపదేశము తెలుగువారి నాలుకలమీద నున్నదే: ప్రాణము, మానము మొదలగువాని రక్షణకై బొంకుట పాపముకాదని. మహాభారతమున కర్ణపర్వమందు శ్రీకృష్ణుడు అర్జునునకు చెప్పిన కౌశికుని కథయు ప్రసిద్ధమే. కౌశికుడు సత్యవ్రతుడు. దొంగలకు వెఱచి అడవిలో దాగినవారి జాడ అడిగినపుడు అతడు ఉన్నమాట చెప్పెను, దాగినవారు చచ్చిరి, సత్యవాదియైన కౌశికుడు నరకమునకు పోయెను. ఈ న్యాయమున చూచినచో బెన్సన్ చేసినది తప్పే కాదని మనము తీర్పుచెప్పి లేచిపోవచ్చును.

గాస్కెల్ అంత సులభముగా లేవనీయదు. కౌశికుని ప్రశ్న ఒక్క క్షణమునది. దొంగలు పోయినచో అబద్ధము పనియు తీఱిపోవును. గృహరహస్యమో, ఏండ్ల తరబడి నిలువవలసినది. ఆ యేండ్లలో అది క్రొత్తవారిని మోసగించుచునే యుండును. ఆ ఊరిలో బ్రాడ్‌షా అను ధనికవర్తకుడు బెన్సన్ ప్రార్థనామందిరమునకు స్తంభమువంటివాడు. రూత్ నడవడి చూచి మెచ్చి అతడు తన కుమార్తెలకు ఆమెను ఉపాధ్యాయినిగా నియమించెను. నిజము తెలిసినచో నియమించెడివాడా? లేదు. కావున ఆ నియామకమున అతని సమ్మతి సంపూర్ణసమ్మతి కాదు. ఎంత కఠినుడైనను, తన యింటిలోనికి ఎవరిని రానిచ్చుచున్నాడో తెలిసికొను హక్కు అతనికి లేదనలేము. అంతకంటె ముఖ్యమైనవాడు రూత్ కుమారుడైన లెనార్డ్. ఎవనిని కాపాడుటకు ఈ కల్పన మొదలైనదో, ఆ బాలునకే ఇది ఒకదినమున పిడుగువలె తగిలెను.

రహస్యము బయటపడగానే బ్రాడ్‌షా రూత్‌ను తన కుమార్తెల యెదుటనే తిట్టి వెడలగొట్టెను. ప్రార్థనామందిరమునకు వచ్చుట మానెను. అప్పుడు రూత్ ఇంటికి వచ్చి, ఇతరుల నోట వినకముందే తన జన్మవృత్తాంతమును తానే కుమారునకు చెప్పెను. ఈ ఘట్టము ఆ నవలకు హృదయము. అబద్ధము చెప్పించినది ఊరు, నిజము చెప్పవలసివచ్చినది తల్లి, భరింపవలసివచ్చినది బాలుడు. లెనార్డ్ కొంతకాలము వీథిలో తలయెత్తలేకపోయెను. తల్లిమీద కోపమును, తల్లికొఱకు వేదనయు అతనిలో కలగలిసి పోరాడెను. చిన్ననాటినుండి మెల్లమెల్లగా తెలిసియున్నచో ఆ సత్యము అతని వయసుతోపాటు పెరిగియుండెడిది. ఒక్కసారిగా తెలియుటచే బండరాయియై పడినది. బెన్సన్ తాను చేసినది తప్పని ఒప్పుకొనెను. కాని బ్రాడ్‌షా పెద్ద కుమార్తె జెమీమా మాత్రము రూత్ పక్షమున నిలిచి తండ్రి నెదిరించెను. ఆమె అంతకుముందే రహస్యమెఱిగియు నోరు మెదపలేదు. రూత్‌ను దినదినమును కన్నులార చూచిన ఆమెకు, లోకమిచ్చిన పేరుకంటె తాను చూచిన నడవడియే ప్రమాణమైనది.

కథయొక్క తక్కిన భాగము సంక్షేపముగా చెప్పుదును. ఊరిలో టైఫస్ జ్వరము వ్యాపింపగా, అందఱును వెఱచి దూరమైన ఆసుపత్రిలో రూత్ నర్సుగా చేరి రోగులకు సేవచేసెను. నిన్నటిదాక దూషించిన ఊరు నేడు దీవించెను. తుదకు, తనను విడిచిపోయిన ఆ బెల్లింగ్‌హామ్‌నే జ్వరమున కాపాడి, ఆ జ్వరముచేతనే మరణించెను. ఇంతలో బ్రాడ్‌షా కుమారుడే బెన్సన్‌గారి వాటాలను దొంగసంతకముతో అపహరించినట్లు తేలెను. కుమారునకు అబద్ధమును సహింపని గృహములో, అబద్ధము అట్లు తలుపు వెనుకనే పెరిగెను. కాఠిన్యము సత్యమును పెంచదు, దాచుటలో నేర్పును మాత్రమే పెంచునని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలయును?

ఈ నవల వెలువడగానే గాస్కెల్ పరిచితులలో ఇద్దఱు పురుషులు దాని మొదటి సంపుటమును తగులబెట్టిరి. ఆమె మిక్కిలి వ్యాకులపడెను. తన గృహమునందుగూడ ఆ గ్రంథము నిషిద్ధమేయని, పెద్దకుమార్తెతో మాత్రము తానే కూర్చుండి చదువదలచితినని ఆమె ఒక ఉత్తరమున వ్రాసెను. ఇది పిఱికితనమని కొందఱనవచ్చును. నాకట్లు తోచదు. నిజమును పిల్లల చేతికి విసరివేయుటయు కాదు, పిల్లలనుండి దాచుటయు కాదు. ప్రక్కన కూర్చుండి చదువుట మూడవ మార్గము. రూత్ తన కుమారునికి చేయలేకపోయినదానిని గాస్కెల్ తన కుమార్తెకు చేయదలచినది.

రూత్ కథ అసత్యముయొక్క కథ యైనచో, అదే కాలమున 1852, 53 సంవత్సరములలో సంచికలుగా వెలువడిన డికెన్సుగారి 'బ్లీక్ హౌస్' మౌనముయొక్క కథ. లేడీ డెడ్‌లాక్ గొప్పవంశపు ప్రభువునకు భార్య. వివాహమునకు పూర్వము ఆమెకు హోడన్ అను సైనికోద్యోగివలన ఒక శిశువు కలిగెను. ఆ శిశువు పుట్టగానే మరణించినదని ఆమె నమ్మినది. నిజమునకు ఆమె అక్క ఆ శిశువును రహస్యముగా పెంచి, ఎస్తర్ అను పేరుపెట్టి, నీవు పుట్టకున్నచో బాగుండెడిదనుచు పుట్టినదినముననే ఆ పసిదాని మనస్సును గాయపఱచెను. లేడీ డెడ్‌లాక్ అబద్ధము చెప్పలేదు, ఊరకుండెను. ఆ ఊరకుండుటయే ఆమె ముఖమున మంచువలె పేరుకొని, లోకము దానిని దర్పమనుకొనెను. టల్కింగ్‌హార్న్ అను వకీలు ఆ మంచును గోకి రహస్యమును వెలికితీసెను. దానిని చేతబట్టుకొని ఆమెను పీడించెను. తుదకు ఆమె గృహమును విడిచి పాఱిపోయి, ప్రియుడు పూడ్చబడిన పేదల శ్మశానపు ద్వారముకడ ప్రాణము విడిచెను.

ఇందులో నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది ఆమె మరణము కాదు, ఆమె భర్త ప్రవర్తనము. సర్ లెస్టర్ వృద్ధుడు, వంశాభిమాని; నవల పొడవునను డికెన్సు అతనిని పరిహసించుచునే వచ్చెను. అట్టివాడు నిజము తెలిసి, పక్షవాతముచే నోట మాట రాకున్నను, భార్యను క్షమించితినని పలకమీద వ్రాసి తెలిపెను. ఆమెయందు తనకు ఏ మాఱుపాటును లేదని ఇంటివారి సమక్షమున చాటెను. కాని ఆ మాట వినుటకు ఆమె లేదు. ఆమె మంచుతుపానులో నడచుచుండెను. ఏండ్లు కలిసి కాపురముచేసిన దంపతులలో, భర్త క్షమింపగలవాడని భార్యకు తెలియదు; తాను క్షమింపగలనని భర్తకే తెలియదు. మౌనము దోషమునొక్కదానినే దాచదు. ఎదుటివాని మంచితనమునుగూడ మనకు కనబడనీయదు.

అట్లైనచో సత్యము చెప్పుటయే ఔషధమా? దీనికి ప్రత్యుత్తరముగా 1891లో థామస్ హార్డీ 'టెస్' నవలను ప్రకటించెను. టెస్ పేదపల్లెపడుచు. ధనికుడైన అలెక్ ఆమెను చెఱచెను. పుట్టిన శిశువు మరణించెను. తరువాత ఏంజెల్ క్లేర్ అను విద్యావంతుడు, నవీనభావములవాడు ఆమెను ప్రేమించెను. వివాహమునకు ముందే ఆమె తన వృత్తాంతమంతయు వ్రాసి అతని గది తలుపుక్రిందినుండి లోనికి త్రోసెను. ఆ కాగితము తివాచిక్రిందికి పోయి అతనికి చేరలేదు. వివాహరాత్రియందు మొదట ఏంజెల్ తన పూర్వపు తప్పును చెప్పుకొనెను. ఆమె మాఱుపలుకక క్షమించెను. ఆ ధైర్యముతో ఆమెయు తన కథ చెప్పెను. అతడు క్షమింపలేదు. ఒకే రాత్రి, ఒకే గది, ఒకే విధమైన ఒప్పుకోలు. తీర్పులు మాత్రము రెండు. అతడు బ్రెజిలునకు ఓడయెక్కెను. ఆమె కూలిపనులలో నలిగి, మరల అలెక్ చేతబడి, తుదకు అతనిని చంపి ఉరికంబమెక్కెను.

ఈ నవల చరిత్రయందొక విచిత్రము కలదు. మొదట ఇది 'గ్రాఫిక్' అను వారపత్రికలో ప్రకటింపబడినపుడు, కుటుంబములవారు చదువుపత్రిక గాన, టెస్ చెఱుపబడుటయు, ఆమె శిశువునకు తానే నామకరణసంస్కారము చేయుటయు తొలగింపవలసివచ్చెను. ఏంజెల్ పాలపిత్తరులగు పడుచులను వఱదనీరు దాటించునపుడు చేతులపై ఎత్తుకొనుటగూడ మర్యాదకాదని, పత్రికలో వారిని ఒంటిచక్రపు బండిలో కూర్చుండబెట్టి దాటించిరి! సత్యము చెప్పి చెడిన స్త్రీ కథను సత్యముగా చెప్పుటకే లోకము సమ్మతింపలేదు.

ఇప్పుడీ మూడు కథలను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. రూత్ అసత్యమును ఆశ్రయించెను. లేడీ డెడ్‌లాక్ మౌనమును ఆశ్రయించెను. టెస్ సత్యమును ఆశ్రయించెను. ముగ్గురును మరణించిరి. అబద్ధము, మౌనము, సత్యము మూడును ఒకే గోతికి దారితీసినపుడు, తప్పు నడచినవారి పాదములయందు లేదు. దారులు త్రవ్వినవారియందు కలదని తెలియవలయును. దాచినవారు ఎట్లు దాచిరని లోకము వేయి కన్నులతో వెదకును. దాచించినది తానేయని మాత్రము ఎఱుగదు.

ఈ సంగతి నవలలు వ్రాసినవారి జీవితములయందును కనబడును. 1824లో డికెన్సు తండ్రి అప్పులవలన చెఱసాల పాలుకాగా, పండ్రెండేండ్ల బాలుడు బూట్లమసి తయారుచేయు కార్ఖానాలో కూలిపనిచేసెను. దేశమంతయు కొనియాడిన ఈ రచయిత ఆ సంగతిని ఆప్తమిత్రుడైన ఫార్‌స్టర్‌నకు చెప్పుకొనెనేగాని లోకమునకు చెప్పలేదు. 1870లో అతడు మరణించిన తరువాత, ఫార్‌స్టర్ వ్రాసిన జీవితచరిత్రమువలననే అది అందఱికిని తెలిసెను. చిన్ననాట పేదయగుటలో అతని దోషమేమి? అయినను దానిని దోషమువలె దాచెను. జార్జి ఎలియట్ అను పేర నవలలు వ్రాసిన మేరియన్ ఎవాన్సు దీనికి మాఱుగా నడచినది. భార్యనుండి విడాకులు పొందలేని జార్జి లూయిస్‌తో 1854నుండి 1878లో అతడు మరణించువఱకు ఆమె దాపఱికము లేక కాపురముచేసెను. 1857లో ఈ సంగతి తెలిసిన అన్న ఐజాక్ ఉత్తరములు మానెను. 1880లో ఆమె మఱియొకరిని చట్టప్రకారము వివాహమాడినపుడు, అనగా ఇరువది మూడేండ్ల తరువాత, అతడు శుభాకాంక్షలు పంపెను. ఆ సంవత్సరముననే ఆమె మరణించెను. సత్యమునకు ఆమె చెల్లించిన వెల ఒక సోదరుడు.

కావున రహస్యములన్నిటిని ఒకే త్రాసున తూచరాదు. గృహరహస్యమును చూచినపుడు మనము రెండు ప్రశ్నలడుగవలయును: దీనివలన రక్ష ఎవరికి? దీని బరువు ఎవరిమీద? షార్లెట్ బ్రాంటీ 1847లో ప్రకటించిన 'జేన్ ఐర్'నందు రాచెస్టర్ పిచ్చిపట్టిన భార్యను మేడపై దాచి, జేన్‌ను రెండవభార్యగా చేసికొనబోయెను. అచ్చట రక్ష బలవంతునకు, బరువు ఇద్దఱు స్త్రీలమీద. అట్టి రహస్యమును పగులగొట్టుట ధర్మము. బెన్సన్ దాచినదియో, బలహీనురాలికి రక్ష; బరువులో కొంత తాను మోసెను, వెల్లడియైనపుడు నిందయు తాను భరించెను. అట్టివానిని దూషించు అధికారము, రూత్‌నకు తలుపు తెఱచినవారికి తప్ప ఇతరులకు లేదు. అయినను అట్టి రహస్యమునకుగూడ గడువుండవలయును. ఎవని జన్మముగూర్చి దాచితిమో, తెలిసికొను వయసు రాగానే వానికి చెప్పవలయును. ఏలయన ఆ సత్యము దాచినవారి సొత్తు కాదు, వాని సొత్తు.

మన భారతకథయు ఇదేగదా చెప్పుచున్నది! కన్యయైన కుంతి లోకమునకు వెఱచి శిశువును పెట్టెలోనుంచి నదిలో విడిచెను. ఆమె మౌనము కర్ణుని జీవితమంతయు సూతపుత్రుడను నిందగా వెంటాడెను. యుద్ధానంతరము, మృతులకు తర్పణములు విడుచువేళ ఆమె నోరువిప్పెను. అన్నను చంపించితిమని కుమిలిన ధర్మరాజు, స్త్రీల నోట రహస్యము దాగకుండుగాక యని శపించెను. ధర్మరాజంతటివాడు ఆ బాలిక నోరు మూయించిన లోకమును శపింపలేదు. సూర్యుని ఒక్క ప్రశ్నయు అడుగలేదు. శాపములు తప్పినవారిమీద పడినంత సులభముగా తప్పించినవారిమీద పడవు.

ఇచ్చట పెద్దలు ఒక ఆక్షేపణ చేయుదురు: నింద యను భయమే లేకున్నచో నీతి నిలుచునా? లోకనింద కంచెవంటిది; కంచె తీసినచో పైరు దక్కదని. దీనికి సమాధానము పై కథలలోనే యున్నది. ఆ కంచె బెల్లింగ్‌హామ్‌ను ఆపలేదు. అతడు డాన్ అని పేరు మార్చుకొని పార్లమెంటు సభ్యత్వమునకు అభ్యర్థియై తిరిగివచ్చెను, బ్రాడ్‌షాయే అతనికి ఆతిథ్యమిచ్చెను. అలెక్‌ను ఆపలేదు. అది ఆపినది అడుగుపెట్ట చోటులేని బాలికనే. అదియు పడకముందు కాదు, పడిన తరువాత లేవనీయకుండ. పశువును రానిచ్చి పైరును మాత్రము పొడుచు కంచెను కంచె యనవచ్చునా? నీతికి ఆధారము నిందకాదు, బాధ్యత. బాధ్యత ఇద్దఱికిని సమముగా నున్నచోట నీతి నిలుచును.

ఇంగ్లండు చట్టము ఈ సత్యమును మెల్లగా నేర్చుకొనెను. తల్లిదండ్రులు తరువాత వివాహమాడినచో బిడ్డకు సక్రమసంతానపు హోదా నిచ్చుటకు 1926 వఱకు, దత్తుపోయినవారు పెద్దయైన పిమ్మట తమ మొదటి జననపత్రమును చూచు హక్కును ఇంగ్లండు, వేల్సులలో పొందుటకు 1975వ సంవత్సరపు చట్టము వఱకు, తల్లిదండ్రుల వివాహమునుబట్టి బిడ్డలలో చేయు భేదములను చాలవఱకు తొలగించుటకు 1987 వఱకు వేచియుండవలసివచ్చెను. రూత్ గ్రంథము తగులబడిన నూటముప్పదినాలుగేండ్లకు లెనార్డ్ వంటి బాలుడు చట్టము కన్నులయెదుట తలయెత్తి నిలిచెను. నవలలే ఈ చట్టములను చేసినవని నేననను; కాని చట్టము చూడని ముఖమును ముందుగా చూపినవి నవలలే.

మన దేశమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఈ మర్మమును గ్రహించిరి. గోల్డ్‌స్మిత్ వ్రాసిన ఇంగ్లీషు నవల ఛాయలతో రాజశేఖరచరిత్రము వ్రాసి గృహకథను తెలుగునకు తెచ్చినది వారే. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున వితంతువివాహమును బహిరంగముగ జరిపించినదియు వారే. బాలవితంతువులను రహస్యములలోనికి నెట్టి, ఆ రహస్యములు బయటపడినపుడు వారినే శిక్షించు లోకమునకు వారు చెప్పిన సమాధానము ఉపన్యాసము మాత్రమే కాదు. నలుగురి యెదుట వేసిన పెండ్లిపందిరి. దాచవలసిన అవసరమునే తొలగించుట సంస్కారము.

ఇక గృహస్థులమైన మనము చేయదగినదేమి? మన బిడ్డలకు సత్యము పలుకుమని చెప్పుట చాలదు. వారు పలికిన సత్యము మనకు చేదుగా నున్నపుడు మన ముఖము ఎట్లు మాఱుచున్నదో వారు చూచుచునే యుందురు. ఇరుగుపొరుగు ఇంటి అపవాదును భోజనమువేళ మనము నవ్వుచు చెప్పుకొన్నచో, ఆ పంక్తిలోనే కూర్చున్న కుమార్తె, తనకే అట్టి ఆపద వచ్చినచో ఈ యింట చెప్పుకొనరాదని ఆ క్షణముననే నిశ్చయించుకొనును. ఆమె రేపు దాచు మాటకు ఈనాటి మన నవ్వే కారణము. బ్రాడ్‌షా గృహమున అబద్ధము పుట్టినది అట్లే. బెన్సన్ గృహమునందో, నిజము ఆలస్యముగానైనను చెప్పుకొనుటకు తావుండెను. అందుచేతనే లెనార్డ్ తల్లిని విడువలేదు.

ఒకరి రహస్యము మన చెవిని పడినపుడు, అది నిజమా కాదా యని విచారించుటకు ముందు, అది బయటపడినచో దెబ్బ తగులునది ఎవరికో విచారింతము. దెబ్బ బలవంతునకైనచో మాటాడుదము. బలహీనునకైనచో జెమీమావలె నోరు మెదపకయుందము, అవసరము వచ్చినపుడు అతని ప్రక్కన నిలుతము. ఆశ్రయమడిగి వచ్చినవారిని నిజము చెప్పుమని నిర్బంధించుటకు ముందు, ఆ నిజము విన్న పిమ్మటగూడ వారికి మన యింట నొక పీటయు, ఒక విస్తరియు ఉండునని వారికి నమ్మకము కలిగింతము. అంతవఱకు వారు దాచిన అసత్యములో సగపాలు మనదే.